అనాసపండు క్యాంపు

పార్కు వెనక వీధి, మేడ మీది గది
చలి మొదలైన వారం

మరదలు పిల్లకి,

ఫోనులో అయితే నువ్వు నా మాట పూర్తి కానివ్వవు. ఉత్తరానికి అడ్డు రాలేవు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. కూర్చుని చదువు.

మా కాలనీలో కాలధర్మ సంఘం అని ఒకటి పెట్టాం. ఏ కాలంలో భూమి ఏది ఇస్తే అదే తినాలి. అదీ మనకి దగ్గర్లో పండింది, తాజాగా ఉన్నది తినాలి. కాలం కాని కాలంలో కాయలు కొనడం, రేకు డబ్బాల్లో మూతేసిన పళ్లు కొనడం పాపం. ఇదీ నియమం. మా అధ్యక్షులు రిటైరైన సర్వేయరుగారు. దగ్గర అంటే ఎంతవరకో తేల్చడానికి ఆయన గోడ మీది పటంలో ఒక గుండ్రం గీశారు. లోపల పండితే ధర్మం, గీత దాటితే అధర్మం. ఆ గీత ఒకచోట కొంచెం వంకరపోయి ఆయన బావమరిది తోటని కూడా కలుపుకుంది. అది కాకతాళీయమని ఆయనే స్వయంగా చెప్పారు.

మొదటి సమావేశంలోనే పెద్ద చిక్కు వచ్చిపడింది. కాఫీ గింజలు గుండ్రానికి చాలా అవతల పండుతాయని ఎవరో లేచి అన్నారు. చివరికి ఉపసంఘం వేసుకుని, కాఫీ తిండి కిందికి రాదు, ఆలోచనకి సాయం చేసే వస్తువు అని ఏకగ్రీవంగా తేల్చాం. పంచదార కాఫీలో భాగమే కాబట్టి దానికి వేరే తీర్మానం అక్కర్లేకపోయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. అందుకని ముందు మీ అన్నయ్య చేతే ప్రమాణం చేయించాను. ఇప్పుడు కాలంలో ఉన్నవి ముల్లంగి, క్యాబేజీ. పగలు ముల్లంగి, రాత్రి క్యాబేజీ, ఆదివారం రెండూ. ఆయన కిమ్మనకుండా తింటున్నారు. సంఘం మమ్మల్ని ఆదర్శ దంపతులని ప్రకటించి, మా ఫోటో నోటీసు బోర్డులో పెట్టింది. ఫోటోలో ఆయన కొంచెం నీరసంగా పడ్డారుగానీ అదీ ఆదర్శంగానే ఉందన్నారు అందరూ.

నువ్వు డబ్బాల ఫ్యాక్టరీలో చేస్తున్నావని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఆహార శాఖలో అని చెప్పాను. ఏమీ అనుకోకు. వేరే పనేదైనా చూసుకోకూడదూ?

నీ వదిన


ఫ్యాక్టరీ గేటు ఎదుటి సందు

వదినకి,

ఆహార శాఖ ఉద్యోగిని నమస్కారాలు. నా హోదా పెరిగిన సంగతి మా అత్తగారికి చెప్పాను. ఆవిడకి వినపడదు కదా, నాకు మళ్లీ పెళ్లి కుదిరిందనుకుని సంతోషించింది.

వదినా, నా పనేమిటో నువ్వెప్పుడూ అడగలేదు. ఇప్పుడు పాపం అన్నావు కాబట్టి చెబుతాను. ఉడికి చల్లారిన డబ్బాలు నా ముందు వరసగా వస్తాయి. చేతిలో చిన్న ఇనప పుల్ల ఉంటుంది. ఒక్కో మూత మీదా తట్టి వినాలి. మూత బిగువుగా పడితే టంగుమంటుంది. ఎక్కడైనా గాలి దూరితే డబ్‌మంటుంది. అలా డబ్‌మన్నదాన్ని పక్కకి లాగేయాలి, లేకపోతే అది తిన్నవాళ్లు ఆసుపత్రిలో తేలతారు. ఇంట్లో ఆవిడకి వినపడదు, ఇక్కడ నాకు వినడానికే జీతం. మా ఆయన పోయాక మేమిద్దరం బతుకుతున్నది ఈ చెవి మీదే.

ఇక నీ ధర్మం సంగతి. అనాసపండు మా గేటు ముందుకి లారీల్లో వచ్చేది అది పండే కాలంలోనే. అప్పుడు కుప్పలుగా వస్తుంది, కొనేవాడుండడు. మేం కోసి మూతేయకపోతే రోడ్డు పక్కన ఈగల పాలవుతుంది. నువ్వు నిమ్మకాయలు ఉప్పులో ఊరేసి జాడీలో దాచేదీ ఈ పనే కదా. జాడీ అయితే ధర్మం, రేకు అయితే పాపమా? అలాగని మాదేదో ధర్మసత్రం అనడం లేదు. పాకం ఎక్కువ పోస్తారు, ముక్కలు తక్కువ వేస్తారు. డబ్బా మీది బొమ్మలో పండు నవ్వుతూ ఉంటుంది, లోపల అంత నవ్వేమీ ఉండదు.

అన్నయ్య గురించి బెంగపెట్టుకోకు. తూనికల ఇన్‌స్పెక్టరు కదా, మా ఫ్యాక్టరీ కాటాలు చూడటానికి పోయిన వారం కూడా క్యాంపు వచ్చి వెళ్లాడు. ముల్లంగి ఒంటికి పట్టినట్టే ఉంది. బుగ్గలు వచ్చాయి.

నీ మరదలు


పార్కు వెనక వీధి
మంచు పడుతున్న రోజులు

మరదలు పిల్లకి,

ఇది చదివి చింపెయ్యి. ఫోను హాల్లో ఉంటుంది, మీ అన్నయ్య చెవులూ అక్కడే ఉంటాయి. అందుకే మళ్లీ ఉత్తరం.

ముందు మంచి మాట. మా సహకార స్టోరులో డబ్బాల అల్మారాలు తీసేయాలని సంఘం తీర్మానం తెస్తోంది. రాసింది నేనే, సభలో చదివేదీ నేనే. నీకొక సంగతి చెప్పనా? నేను మాట్లాడుతుంటే సర్వేయరుగారు జేబులోంచి కలం తీసి రాసుకుంటారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా మాట ఒకరు రాసుకోవడం ఇదే మొదలు. మీ అన్నయ్య వినడమే అరుదు. ఈ సంతోషం నీతో కాక ఇంకెవరితో చెప్పుకోను?

ఇప్పుడు రెండో మాట. ఆయనకి బుగ్గలు వచ్చాయని రాశావు. నేనూ అదే చూస్తున్నాను. ముల్లంగికి బుగ్గలు ఎవరికీ రావు. అదే గిన్నెలోది తిని నాకు చెంపలు లోపలికి పోయాయి. పైగా ఆయన ఈ మధ్య క్యాంపు అంటే చాలు, హుషారుగా ఈల వేస్తూ గడ్డం గీసుకుంటున్నారు. మొన్న చొక్కా ఉతుకుతుంటే చేతి అంచు దగ్గర ఏదో తియ్యటి వాసన. అడిగితే కాటాలకి వేసే నూనె అన్నారు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఏ కాటా నూనే అలా ఘుమఘుమలాడలేదు.

అక్కడ ఎవరైనా ఉందా? నువ్వూ ఆడదానివే, నాకు అబద్ధం చెప్పవు. ఆయన క్యాంపుకి వచ్చినప్పుడు ఎక్కడికి వెళ్తున్నారో, ఎవరింట్లో తింటున్నారో కాస్త కనిపెట్టు. పళ్లెంలో ముల్లంగి ముక్క తీసుకుంటే ఈ మధ్య నాకు గొంతు దిగడం లేదు. అది ముల్లంగి తప్పు కూడా కావచ్చనుకో.

నీ వదిన


ఫ్యాక్టరీ గేటు ఎదుటి సందు

వదినకి,

అన్నయ్య అలాంటివాడు కాదు. ఆడవాళ్లతో మాట్లాడే తెలివే ఉంటే నీతోనే మాట్లాడేవాడు.

ఇక్కడికొస్తే ఆఫీసు పని, మా ఇల్లు, మళ్లీ బస్సు. అంతే. వాసనంటావా, ఈ ఊళ్లో గాలే తియ్యగా ఉంటుంది. మా గోడలు నాకినా పాకం రుచే. మనసులో ఏమీ పెట్టుకోకు.

ఆ తీర్మానం ఈ చలికాలం దాటాక పెట్టకూడదూ? తొందరేముంది? ఊరికే అడుగుతున్నాను.

మా అత్తగారు నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ మరదలు


పార్కు వెనక వీధి

మరదలికి,

నువ్వు నేర్పిన పనే చేశాను. నీ ఉత్తరం మీద తట్టి చూశాను. డబ్‌మంది.

నువ్వెప్పుడైనా నాకు ఒక పేజీ తక్కువ రాశావా? మీ సందులో కుక్క ఈనినా దాని పిల్లల రంగులతో సహా రాస్తావు. మొగుడి సంగతి అడిగితే నాలుగు ముక్కల్లో తేల్చేశావు. ఏం చేసినా మీరిద్దరూ ఒక తల్లి బిడ్డలు, నేను పరాయింటి పిల్లని. అన్నని దాచుకో, తప్పులేదు. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గాలే తియ్యగా ఉంటుందని రాయడం ఎందుకు?

నిన్న ఆయన క్యాంపు సంచిలో ఒక చెంచా కనపడింది. తువ్వాలులో చుట్టి అడుగున పెట్టారు. కాటాలు చూడటానికి వెళ్లే మనిషికి చెంచా ఎందుకు? ఎవరో ప్రేమగా తినిపిస్తోందని నాకు తెలిసిపోయింది. అన్నిటికన్నా ఎక్కువ మండింది ఏమిటంటే, అది మా పెళ్లికి వచ్చిన చెంచాల్లోది.

తీర్మానం ఆపమని అడిగావు. ఆపను. ఆదర్శ దంపతుల్లో ఒకరు పాడైపోతే రెండోవాళ్లయినా గట్టిగా నిలబడాలి. వచ్చే ఆదివారం దాటి పై ఆదివారం సభ. ఈలోపు నిజం రాస్తే రాయి. లేదంటే ఇక ఉత్తరాలొద్దు.

మీ అన్నయ్య భార్య


ఫ్యాక్టరీ గేటు ఎదుటి సందు
ఆదివారం

వదినా,

మీ అన్నయ్య భార్య అని సంతకం చూసి ఏడ్చాను. మా అత్తగారు ఎవరు పోయారని అడిగింది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇక చెప్పేస్తాను. ఇంకో ఆడది లేదు. ఉన్నది అనాసపండు. అన్నయ్య క్యాంపు అంటే మా వంటగదిలో పీట. సొట్టపడ్డ డబ్బాలు ఫ్యాక్టరీ వాళ్లు మాకు చవగ్గా ఇస్తారు. అన్నయ్య వచ్చి, బూట్లు విప్పి, ఒకటి కోయమంటాడు. ముక్కలన్నీ తిని, పాకం తాగి, కళ్లు మూసుకుని కాసేపు అలా ఉండిపోతాడు. తర్వాత రెండోది. ఒకసారి బఠాణీల డబ్బా కూడా తినేశాడు, పంచదార వేసుకుని. చెంచా తనే తెచ్చుకుంటాడు, మా చెంచాలు చిన్నవట. డబ్బాలో సరుకు బరువు సరిపోయిందో లేదో చూడటం తన ఉద్యోగం కదా, మింగి చూస్తున్నాడనుకో. కంచే చేను మేస్తోంది.

నీ అనుమానం సంగతి అన్నయ్యకి చెప్పాను. నిజం చెప్పేస్తాను, వదిన మనసు పాడైపోతోంది అన్నాను. అన్నయ్య ఏమన్నాడో విను.

"ఇంకో ఆడదుందనే అనుకోనీవే. అదైతే ఇంట్లో గొడవ, ఇంట్లోనే చల్లారుతుంది. డబ్బా సంగతి బయటపడితే నోటీసు బోర్డులోంచి ఫోటో తీసేస్తారు."

నాకు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఒక మొగుడు అలా అనగలడని నేను అనుకోలేదు.

నేను దాచింది ఇంకొకటి ఉంది. మా డబ్బాల్లో సగానికి పైన వెళ్లేది మీ సహకార స్టోరుకీ, దాని శాఖలకే. మీ తీర్మానం గెలిస్తే మా వరస ఆపేస్తామని మేనేజరు పిలిచి చెప్పాడు. ముందు ఇంటికి పంపేది తట్టేవాళ్లనే. ఈ వయసులో నన్నెవరు పిలిచి పనిస్తారు? ఇదీ అన్నయ్యకి తెలుసు. వదినతో మాట్లాడతానని మాటిచ్చాడు, పాకం తాగుతూ.

ముందే ఎందుకు చెప్పలేదంటావా? నీ మాట ఎవరో రాసుకుంటున్నారని రాశావు చూడు, అది చదివాక నాకు నోరు రాలేదు. నా తిండి కోసం నీ నోరు మూయించడం ఎలా అనిపించింది. ఇప్పుడు చెబుతున్నది కూడా నిన్ను ఆపడానికి కాదు. నిజం రాయమన్నావు, రాశాను. తర్వాత నీ ఇష్టం.

నీ మరదలు


పార్కు వెనక వీధి
సభ మర్నాడు

నా తల్లీ,

తీర్మానం గెలిచింది. నీ నోటి దగ్గర కూడు నేనే తీశాను. ముందు ఆ మాట రాసేస్తే తప్ప మిగతాది రాయలేను.

నీ ఉత్తరం చూపించి ఆయన్ని ఏమీ అడగలేదు. తనంతట తను నోరు విప్పుతారేమోనని వారమంతా చూశాను. ముల్లంగి తింటూనే ఉన్నారు, ఎంత బాగుందో అని కూడా అన్నారు. నీ ఉద్యోగం మాట మాత్రం పెదవి దాటలేదు.

సభలో నా వంతు వచ్చింది. తీర్మానం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. నా మరదలు ఆహార శాఖలో లేదు, డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు తడుతుంది, డబ్బాలో పండు కాలంలో పండినదే, కాఫీని వదలలేని మనం ఇంకొకరి తిండి మీద గీత గీయకూడదు అన్నాను. మాట తడబడలేదు. సర్వేయరుగారు కలానికి మూతపెట్టి జేబులో పెట్టుకున్నారు. వెనకాల ఒకావిడ లేచి, తీర్మానం ఇప్పుడు సంఘానిది, నేనొక్కదాన్నే వెనక్కి తీసుకుంటే కుదరదంటూ, పోయిన నెల నేను రాసిన ఉపన్యాసమే తీసి నాకు చదివి వినిపించింది. సొంత మాటలకే జవాబు చెప్పలేక నిలబడ్డాను. ఎంత బాగా రాశానో అప్పుడు తెలిసింది.

ఇంకొకటి విను. ఖాళీ అయ్యే అల్మారాల్లో టమాటాలు పెడతారట. సర్వేయరుగారి బావమరిది తోటలో కొత్తగా గాజు షెడ్డు వేశాడు. లోపల బాయిలర్లు పగలూ రాత్రీ మండుతుంటాయి, బయట మొక్కలన్నీ మాడిపోయే ఇంత మంచులోనూ టమాటాలు కాస్తున్నాయి. ఇది కాలం కాదు కదా అని అడిగాను. గుండ్రం లోపల ఉన్నాయి, తాజాగా ఉన్నాయి, ఇక కాలమంటారా, షెడ్డు లోపల ఎండాకాలమే కదా అన్నారు. చప్పట్లు కొట్టారు.

తర్వాత చేతులెత్తమన్నారు. నేను సభ వైపు చూడలేదు. మీ అన్నయ్య చెయ్యి మీదే కళ్లు పెట్టాను. ఆ చెయ్యి ముందు చెవి గోక్కుంది. ఆగి, చుట్టూ ఎన్ని లేచాయో చూసుకుంది. తర్వాత నిటారుగా లేచింది. సర్వేయరుగారు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టారు. ఒక్క చెయ్యి తేడా.

ఇంటికొచ్చాక అప్పుడు అడిగాను. అనాసపండు సంగతి అడగలేదు. చెల్లెలి ఉద్యోగం పోతుందని తెలిసే ఎత్తావా అన్నాను. మొదటిసారి నువ్వు అన్నాను.

"తెలుసు. కానీ అందరూ చూస్తున్నారు కదే," అన్నాడు.

కాసేపు పేపరు చదివాడు. వచ్చే వారం క్యాంపు ఉందని చెప్పాడు.

పొద్దున వెళ్లి నోటీసు బోర్డులో ఫోటో సగానికి చింపి నా సగం తెచ్చేసుకున్నాను. ఆయన సగం అక్కడే ఉంది, ఆదర్శంగా. ఇంట్లో ఇప్పుడు నేను నాకు కావలసింది వండుకుంటున్నాను, ఆయనకి మాత్రం ముల్లంగి తప్పడం లేదు.

నీ కోసం ఏం చేయగలనో చెప్పు. నాలుగు రోజులు నీ దగ్గరికి వచ్చి ఉండాలనుంది. రానిస్తావా?

నీ వదిన


ఫ్యాక్టరీ గేటు ఎదుటి సందు
చలి తగ్గుతోంది

వదినకి,

నీ కారణంగా పోయిందని ఇంకోసారి రాయకు. తప్పుమాట నలుగురిలో అన్నావు, దిద్దుకున్నదీ ఆ నలుగురిలోనే. అందరూ అలా చేయరు.

మా వరస ఆపేశారు. తట్టేవాళ్లందరినీ ఒకేరోజు పిలిచి కాగితాలిచ్చారు. ఒక్కొక్కళ్లకీ బహుమానంగా ఒక పెట్టె సొట్ట డబ్బాలు కూడా ఇచ్చారు. మోసుకురావడానికి రిక్షా మాట్లాడుకున్నాం.

మళ్లీ పని దొరికిందిలే, కంగారుపడకు. దొరికింది ఎక్కడనుకున్నావు, ఆ గాజు షెడ్డులోనే. ఊరి బయట బస్సెక్కితే గంట దూరం, మీ గుండ్రం అంచున. బయట పళ్లు గిట్టకరుచుకుపోయే చలి, లోపల జాకెట్టు తడిసిపోయే చెమట. బొగ్గు లారీలు వస్తూనే ఉంటాయి. నా పనేమిటంటే ఒక్కో టమాటా మీదా చిన్న ముద్ర కాగితం అంటించడం. కాలధర్మం ప్రకారం పండినది అని ఉంటుంది దాని మీద. మీ సంఘం ముద్రే. మొదటి రోజు అంటిస్తూ నవ్వాను. పక్కనున్నావిడ ఎందుకని అడిగితే మా వదిన సంఘం అని గొప్పగా చెప్పుకున్నాను. జీతం తక్కువ. టమాటాలకి రంగు బాగానే ఉంది, రుచి అడక్కు.

నిన్న అన్నయ్య వచ్చాడు. ఎప్పటిలాగే బూట్లు విప్పుకుని పీట మీద కూర్చున్నాడు. నేనూ ఎప్పటిలాగే ఒకటి కోసి పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు, చిన్నప్పటి నుంచి అలవాటు. తింటుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. వరస ఆపేయడం, కాగితాలివ్వడం, గాజు షెడ్డు, ముద్రలు, అద్దె ఎలా కట్టాలో తెలియకపోవడం. ఒక్క మాట అంటాడని చూశాను వదినా. క్షమించు అనక్కర్లేదు. నేను చెయ్యెత్తాను అంటే చాలు.

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. అయ్యో అన్నాడు. డబ్బా ఎత్తి పాకం తాగి, మూతి తుడుచుకున్నాడు.

"అయితే ఇంక దొరకవన్నమాట. ఇంట్లో ఎన్ని మిగిలాయే?"

లేవన్నాను. అదే ఆఖరిదన్నాను. అన్నయ్య ఖాళీ డబ్బా వైపు చూసిన చూపు చూడాలి నువ్వు. మా ఆయన పోయినప్పుడు వచ్చి అంత దిగులుగా కూర్చోలేదు. తర్వాత బూట్లు తొడుక్కుని, ఇక ఈ ఊరు క్యాంపులు తగ్గించేస్తారేమో అనుకుంటూ బస్సుకి వెళ్లిపోయాడు.

పెట్టె నిండా ఉన్నాయి. మా అత్తగారి మంచం కిందికి తోసి, మీద దుప్పటి కప్పాను. నువ్వొక్కదానివే రా.

నీ మరదలు